ఇంట్లో వెంటిలేటర్: కరెంట్ పోతే, అలారం మోగితే?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ): నాన్నగారిని వచ్చే వారం వెంటిలేటర్‌తోనే ఇంటికి పంపుతామన్నారు. ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టడం) చేశారు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా రాత్రిపూట కరెంట్ పోతే ఎలాగని అమ్మకు ఒకటే టెన్షన్. ముందుగా ఏం చూసుకోవాలి?

జవాబు (గుంటూరు, ఐసీయూ నర్సుగా చేసి రిటైరయ్యాను): బాబూ, ఇన్వర్టర్ కంటే ముందు అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) సంగతి చూడండి. అది మంచం పక్కనే ఉండాలి, బీరువాలో కాదు. దాని మాస్క్ తీసేసి గొంతులోని ట్యూబుకే తగిలించి, అయిదారు సెకన్లకోసారి, ఛాతీ లేచేంత మటుకే నొక్కాలి. మీరూ అమ్మగారూ ఇద్దరూ డిశ్చార్జికి ముందే నర్సు ఎదుట చేసి చూపించండి. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరూ మందుల షాపుకి వెళ్లిన పూటే అవసరం పడొచ్చు.

అలారం మోగగానే అందరూ మిషన్ వంక చూస్తారు. ముందు మనిషిని చూడండి. ఛాతీ కదలకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సీమీటర్ అంకె పడిపోతున్నా మిషన్ పైపు తీసేసి అంబు మొదలుపెట్టండి, రెండోవాళ్లు 108కి ఫోన్ చేయాలి. కారణం తర్వాత వెతకొచ్చు. ప్రెషర్ తక్కువని చూపిస్తే చాలాసార్లు పైపు ఊడి ఉంటుంది. ఎక్కువని చూపిస్తే కఫం అడ్డుపడటమో, పైపు మడత పడటమో. అంబు నొక్కినా గాలి పోకపోతే వెంటనే సక్షన్ చేయాలి, అంటే సన్న గొట్టంతో కఫం లాగేయాలి. అలారం సౌండ్ మాత్రం ఎప్పుడూ తగ్గించకండి, దయచేసి.

జవాబు (విజయవాడ, మెడికల్ పరికరాలు రిపేర్ చేస్తాను): అన్నా, మీ ఇన్వర్టర్ లైన్ కరెంట్ లాంటి సాఫీ కరెంట్ ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ అవునో కాదో చూడండి. దానికి ఏసీ, ఫ్రిజ్ కలపొద్దు. వెంటిలేటర్ లోపలి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మిషన్ ఇచ్చేవాళ్ల ఎదుటే పరీక్షించండి. కరెంట్ లేనప్పుడు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్) ఆ బ్యాటరీతో నడవదు, సిలిండర్ విడిగా ఉండాలి. సక్షన్ మిషన్ కూడా బ్యాటరీదో, కాలితో తొక్కేదో తీసుకోండి. మీది సింగ్‌నగర్ కదా, 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుంది కదా, రోజుల తరబడి కరెంట్ లేదు. పెద్ద వాన హెచ్చరిక వస్తే నీళ్లు రాకముందే నాన్నగారిని ఆస్పత్రికి మార్చేలా డాక్టరుతో ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: ధన్యవాదాలు. ఊపిరి గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌లో క్యాన్ వాటర్ పోయొచ్చా? ఆ గదిలోనే దేవుడి పటాలున్నాయి, అమ్మ రోజూ దీపం పెడుతుంది.

జవాబు (గుంటూరు): క్యాన్ నీళ్లు వద్దు బాబూ, డిస్టిల్డ్ వాటరే పోయండి. పైపులో చేరిన నీటిని నాన్నగారి వైపు పోనీయకుండా వంపేయాలి. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి రెండూ ప్రమాదమే. పటాలు వేరే గదికి మార్చమని అమ్మగారికి చెప్పండి.