లెస్టర్‌లో తెలుగు క్రైస్తవ సంఘం: ఏం చూసి చేరాలి?

పెదవాల్తేరు అమ్మాయి:
అందరికీ వందనాలు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వైజాగ్ నుంచి బయల్దేరుతున్నాను. ఆ చుట్టుపక్కల రెండు మూడు తెలుగు క్రైస్తవ కూడికలు జరుగుతాయని విన్నాను. ఇక్కడ మా సంఘం నాలుగేళ్ల కిందట రెండుగా చీలింది. ఒకే వీధిలో రెండు మైకులు. మా అమ్మ ఒకదానికి వెళ్తుంది, పిన్ని ఇంకోదానికి. మళ్లీ అలాంటిది పడే ఓపిక నాకు లేదు. ఒక సంఘం ఆత్మీయంగా బాగుందా, కలిసికట్టుగా ఉందా అన్నది కొత్తగా వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఉక్కునగరం అన్న (2006 నుంచి ఇక్కడే):
వందనాలమ్మా. పాటలు చూసి చేరకు. కీబోర్డు, తబలా ఉంటే మనవాళ్లు ఎక్కడైనా బాగానే పాడతారు. లెక్కలు అడుగు. ఏడాదికోసారి అందర్నీ కూర్చోబెట్టి, కానుకలు ఎంత వచ్చాయి, హాలు అద్దెకి ఎంత పోయింది, పాస్టర్ గారికి ఎంత ఇచ్చారు అని కాగితం మీద చూపిస్తారా? యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు అపొస్తలుడు పౌలంతటివాడే, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు. 2 కొరింథీ 8 చదువు. ఇక్కడి చట్టం కూడా అదే. ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటిన ప్రతి సంఘం, ధర్మసంస్థల్ని పర్యవేక్షించే ఛారిటీ కమిషన్‌లో నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో పేరు కొట్టి చూడొచ్చు.

ఇంకో మాట. మొదటి జీతం పడకముందే దశమభాగం (జీతంలో పదోవంతు కానుక) గురించి నీకు ఫోన్ వస్తే, రెండోసారి వెళ్లకు.

జ్ఞానాపురం బాబాయి:
ప్రతి సంఘం కాదు తమ్ముడూ. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ లాంటి కొన్ని పాత డినామినేషన్ల (క్రైస్తవ శాఖల) సంఘాలకి లక్ష పౌండ్ల దాకా నమోదు నుంచి మినహాయింపు ఉంది. పదేళ్లుగా ఇదే తప్పు చెప్తున్నావు, పదేళ్లుగా నేనే దిద్దుతున్నాను.

అమ్మాయ్, నేను కాథలిక్కుని, నా సలహా నీకు సగమే పనికొస్తుందేమో. చిన్నప్పుడు డిసెంబరు 8న కొండగుడి పండగకి రాస్ హిల్ ఎక్కితే, మా పక్కింటి బాప్టిస్టులు, ఎదురింటి హిందువులు కూడా మాతో ఎక్కేవారు. ఇక్కడికొచ్చాక మాత్రం తెలుగు క్రైస్తవులు ఒకరి హాలు గుమ్మం ఒకరు తొక్కరు. సగం తెలుగు కుటుంబాలు క్రిస్మస్ ఒక్కరోజే కలుస్తాయి, అదీ బిర్యానీ దగ్గర.

మర్రిపాలెం అక్క:
చెల్లీ, లెక్కలు చూడాల్సిందే. నేనైతే ఇంకోటి చూస్తాను. ఇద్దరికి గొడవ వస్తే ఆ సంఘం ఏం చేస్తుంది? ఇది నాకెలా తెలిసొచ్చిందో చెప్తాను, పొడుగైనా చదువు.

మేము 2021లో వచ్చాం. జీతం స్లిప్పులు లేవని ఏ ఏజెంటూ మాకు ఇల్లు చూపించలేదు. సంఘంలో ఒక పెద్దకి రెండిళ్లు ఉన్నాయి. "మనవాళ్లమే కదా సిస్టర్, కాగితాలెందుకు" అన్నారు. అద్దె నెలకి 700 పౌండ్లు, డిపాజిట్టు 1,400, అంతా నగదు. రసీదు అడగడానికి మొహమాటం. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మాకు రొట్టె అందించే చెయ్యి కదా అది! పధ్నాలుగు నెలల తర్వాత ఖాళీ చేస్తే పైసా తిరిగివ్వలేదు. బాత్రూం గోడ మీద చెమ్మ మచ్చలు మా పోపుల వల్లే వచ్చాయట. పోపుకి బాత్రూంలో ఏం పనండీ అని మా ఆయన అడిగారు. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్తే "ప్రార్థనలో పెట్టండి" అన్నారు. తర్వాతి ఆదివారం వాక్యం సణుగుడు మీద. మోషే మీద తిరగబడిన కోరహును భూమి మింగిన కథ. పేరు చెప్పలేదు గానీ, చూపు మా వరస మీదే ఉంది. బయటికొస్తే టీ దగ్గర మా పక్కన ఎవరూ నిలబడలేదు. మూడు వారాలు తిరిగేసరికి సంఘంలో రెండు వైపులు ఏర్పడ్డాయి. అసలు విషయం ఎవరికీ పూర్తిగా తెలీదు. మాది ఏ జిల్లా, ఆయనది ఏ జిల్లా, ఎవరిది ఏ కులం అన్నదాన్ని బట్టి చీలిపోయారు. వైజాగ్‌లో వదిలేసి వచ్చామనుకున్నవన్నీ మాతోపాటే విమానం ఎక్కాయన్నమాట.

చట్టం మాకు తర్వాత తెలిసింది. డిపాజిట్టు ఐదు వారాల అద్దె మించకూడదు, అంటే మాకు 807 పౌండ్లు. అది కూడా 30 రోజుల్లో గుర్తింపు ఉన్న స్కీములో పెట్టాలి. పెట్టకపోతే కోర్టు దానికి ఒకటి నుంచి మూడు రెట్లు వేస్తుంది. మా ఆయన కాగితాలు సిద్ధం చేశారు కూడా.

ఆపింది ఎవరంటే, కొడుకు దగ్గర ఉండడానికి తుని నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల ఆవిడ. సంఘంలో ఏ పదవీ లేదు. మమ్మల్నీ ఆయన్నీ ఇంటికి పిలిచి, ఇంకో ఇద్దర్ని సాక్షులుగా కూర్చోబెట్టి, తప్పు చేసినవాడితో సాక్షుల ముందు మాట్లాడి సరిదిద్దమనే మత్తయి 18 ఆయన చేతే చదివించి, "ఇప్పుడు చెప్పండి నాయనా" అన్నారు. రెండు గంటలు కూర్చున్నాం. ఆయన 1,100 ఇచ్చారు. 300 మేం వదులుకున్నాం, ఎందుకంటే కిటికీ అద్దం మా బాబు పగలగొట్టిన మాట నిజం. అప్పటిదాకా ఆ సంగతి మేమూ ఎవరికీ చెప్పలేదు.

కంచరపాలెం అంకుల్:
అమ్మా, కోర్టు కాగితాలు సిద్ధం చేయడమే తప్పు. విశ్వాసి మీద విశ్వాసి వ్యాజ్యెం వేయకూడదని 1 కొరింథీ 6లో స్పష్టంగా ఉంది.

మర్రిపాలెం అక్క:
అంకుల్, మీరన్న అధ్యాయంలోనే పౌలు ఇంకోటి అడిగాడు. అన్నదమ్ముల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. మా సంఘంలో ఆ ఒక్కడు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. దొరికింది కూడా ఒక్కడు కాదు, ఒకావిడ.

జ్ఞానాపురం బాబాయి:
ఫిలిప్పీ 4లో యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఆడవాళ్లకి పడకపోతే, పౌలు ఇద్దరి పేర్లూ రాసి, వాళ్లకి సాయం చేయమని ఇంకొకరిని అడిగాడు. గొడవని దాచలేదు, ప్రసంగంలో గుచ్చలేదు. ఇది ఉక్కునగరం తమ్ముడికి కూడా వర్తిస్తుంది. పిల్లలకి ఇంగ్లిషు ఆరాధన పెట్టమని నేనంటే, వద్దని పోయిన ఈస్టరు నుంచి నాతో మాట్లాడడం మానేశాడు.

ఉక్కునగరం అన్న:
మానేయలేదు, తగ్గించాను. పిల్లలకి తెలుగు పోతే అమ్మమ్మ ప్రార్థన కూడా అర్థం కాదు. అదీ నా బాధ.

బాబాయి గొడవల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగి. క్వార్టర్లో శుక్రవారం కూడిక జరిగేది. గుంటూరు నుంచి వచ్చిన లూథరన్లు, కాకినాడ వైపు బాప్టిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, అందరూ మా హాల్లో చాప మీదే. బాప్తిస్మం సంగతి వస్తే గొంతులు లేచేవి. అమ్మ టీ ఇచ్చేది, గొంతులు దిగేవి. తేడాలు పోలేదు, కూడికా ఆగలేదు. వేర్వేరు శాఖలు కలిసిన సీఎస్ఐ కూడా ఒక్కరోజులో పుట్టింది కాదు. 1919లో తమిళనాడులోని ట్రాంకెబార్‌లో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27కి తేలాయి. అందుకు అంత పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945లోనే పోయారు, చూడలేకపోయారు. మనకేమో ఇరవై కుటుంబాలు, రెండు నెలలు గొడవైతే కొత్త హాలు బుక్ చేసేస్తాం.

భాష సంగతి కూడా కొత్తది కాదు. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి వడ్డన సరిగా అందడం లేదని సణుగుడు వచ్చింది. దానికి ఏడుగురిని నియమించారు.

జ్ఞానాపురం బాబాయి:
ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయిన వాళ్ల వైపు వాళ్లకే వడ్డన అప్పజెప్పినట్టు కదా. నేనూ అదే అంటున్నాను, పిల్లల ఆరాధన పిల్లలకే ఇవ్వండి.

మర్రిపాలెం అక్క:
చెల్లీ, వీళ్లు తెమలరు గానీ ఇది విను. బయల్దేరే ముందు మీ పాస్టర్ గారి దగ్గర సంఘం లెటర్ (నిన్ను పరిచయం చేసే ఉత్తరం) తీసుకో. ఫీబే అనే సంఘ పరిచారకురాలు కూడా పౌలు రాసిన పరిచయం మాట పట్టుకునే రోమాకి వెళ్లింది. వచ్చాక మూడు నాలుగు వారాలు వెనక వరసలో కూర్చో. ఎవరు మాట్లాడుతున్నారో కాదు, కూడిక అయ్యాక గిన్నెలు ఎవరు కడుగుతున్నారో చూడు. పెద్దల భార్యలూ, కేర్ హోముల్లో పనిచేసే పిల్లలూ ఒకే సింకు దగ్గర ఉన్నారా? వెళ్లిపోయిన కుటుంబాల గురించి అడుగు. "వాళ్ల సంగతి వద్దులే" అంటే ఒక రకం. "మా తప్పు కొంత ఉంది" అంటే ఇంకో రకం. ఇల్లు మాత్రం సంఘంలో వాళ్లదైనా సరే, కాగితం లేకుండా తీసుకోకు.

పెదవాల్తేరు అమ్మాయి:
చాలా థాంక్స్ అక్కా, అందరికీ. లెటర్ అడిగాను. రెండు సంఘాల్లో ఎవరి లెటర్ తీసుకుంటున్నావని అమ్మ, పిన్ని ఇద్దరూ అడుగుతున్నారు, అదొక టెన్షన్. అన్నట్టు, నెయ్యి తెచ్చుకోవచ్చా?

కంచరపాలెం అంకుల్:
తేకమ్మా. పాల పదార్థాలు, మాంసం రానివ్వరు. లెటర్లు రెండూ తెచ్చుకో, వాటికి బరువుండదు.

ఉక్కునగరం అన్న:
బాబాయి, ఆదివారం ప్రేమవిందుకి (సంఘమంతా కలిసి తినే భోజనానికి) హాల్లో కుర్చీలు వేయాలి. మా కూడికైనా మీరు వస్తారా?

జ్ఞానాపురం బాబాయి:
పూజ అయ్యాక వస్తా. ఇంగ్లిషు సంగతి మాత్రం వదల్లేదు.