కూడలి కెమెరా: తీసేయమని అడగాలా, లెక్క చూపమని అడగాలా?

నాలుగుదారులు:
మా నివాసుల సంఘం కూడలిలోని ఎర్రదీపం కెమెరాను తీసేయాలని సంతకాలు సేకరిస్తోంది. వారి ఫిర్యాదులు మూడు: చలానాలన్నీ ఆదాయం కోసమే, పసుపు దీపం రెప్పపాటు కూడా ఉండదు, యంత్రం పొరబడితే వినే నాథుడు లేడు. అమెరికాలోని హ్యూస్టన్ నగర ప్రజలు 2010లో ఓటు వేసి మరీ కెమెరాలను మూయించారని గుర్తు చేస్తున్నారు. కాగితం నా బల్ల మీదే ఉంది. సంతకం పెట్టాలా, వద్దా?

సైకిలుమనిషి:
పెట్టకండి. రోజూ అలాంటి కూడళ్లను సైకిలు మీద దాటేవాణ్ణి. ఎర్రదీపం పడ్డాక దూసుకొచ్చే కారుకు, నాకు మధ్య ఇనుప రేకు కూడా ఉండదు. కెమెరాల మీద వచ్చిన అధ్యయనాలను 2010లో కాక్రేన్ అనే పరిశోధకుల సంస్థ సమీక్ష ఒకచోట చేర్చింది. కెమెరాలున్న చోట్ల మరణాలు, తీవ్ర గాయాలతో ముగిసే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గినట్లు తేలింది. జరిమానా కట్టడం ఇష్టం లేకపోతే ఆగితే చాలు కదా?

పసుపుదీపం:
చిన్న సవరణ. సైకిలుమనిషి గారు చెప్పింది వేగ కెమెరాల సంగతి. ఎర్రదీపం కెమెరాల కథ వేరు. అమెరికా రహదారుల శాఖ 2005 అధ్యయనంలో పక్క నుంచి గుద్దే ప్రమాదాలు సుమారు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దేవి సుమారు 15 శాతం పెరిగాయి. కెమెరాను చూసి ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేస్తాడు, వెనకవాడు ఆగలేడు. ఇక హ్యూస్టన్‌లో కెమెరాలు ఆగిపోయాక ఏమైందో ఆర్థికవేత్తలు పరిశీలించారు. పక్క నుంచి గుద్దేవి పెరిగాయి, మిగతావి తగ్గాయి, కెమెరాల వల్ల మొత్తం ప్రమాదాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. అంటే ఆ ఉదాహరణ మీ సంఘానికీ పూర్తిగా పనికిరాదు, సైకిలుమనిషి గారికీ పనికిరాదు.

నేను సిగ్నళ్ల పనిలో కొన్నేళ్లు ఉన్నాను. మీ మూడు ఫిర్యాదుల్లో ప్రాణమున్నది రెండోది. పసుపు దీపం ఎంతసేపు వెలగాలన్నది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడదు, దానికి లెక్క ఉంది. దీపం చూసి కాలు బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను. ఆపైన బండి వేగాన్ని, బ్రేకు వల్ల సెకనుకు తగ్గే వేగానికి రెట్టింపుతో భాగించాలి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. బ్రేకు వేస్తే సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే మొత్తం 3.3 సెకన్లు వస్తుంది. అంతకన్నా తక్కువ పెడితే ఆగలేక, దాటలేక మధ్యలో చిక్కుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. అక్కడ కెమెరా పెడితే అది తప్పు చేసినవాణ్ణి కాక లెక్క తప్పిన దీపం కింద ఇరుక్కున్నవాణ్ణి పట్టుకుంటుంది.

కోపిష్టి:
లెక్కలు బాగానే ఉన్నాయి. అర్జీలు ఎవరు చదువుతారు? ఇటలీలో ఎవరో రాత్రిపూట కోత యంత్రంతో వేగ కెమెరా స్తంభాలనే కోసేశారు. జనం ఫ్లెక్సిమాన్ అని పేరు పెట్టి చప్పట్లు కొట్టారు.

సైకిలుమనిషి:
చప్పట్ల తర్వాత ఏమైందో కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా పసుపు చొక్కాల ఉద్యమం వేడెక్కినప్పుడు దేశంలోని వేగ కెమెరాల్లో దాదాపు 60 శాతం దెబ్బతిన్నాయని 2019 జనవరిలో అక్కడి హోంమంత్రే చెప్పారు. ప్రభుత్వం ఏం చేసింది? నాలుగు మీటర్ల ఎత్తు స్తంభాల మీద కొత్తవి పెట్టింది. చేతికి అందేవి పోయి, అందనివి వచ్చాయి.

కోపిష్టి:
మరి ఆదాయం సంగతో? షికాగోలో కెమెరాల కాంట్రాక్టు కోసం లంచం తిన్న నగర అధికారికి 2016లో పదేళ్ల జైలు పడింది. అమెరికాలోనే బాల్టిమోర్‌లో 2012లో ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్న కారుకు వేగం మించిందని చలానా వెళ్లింది! ఆగి ఉన్న కారుకండీ!

పసుపుదీపం:
రెండూ నిజమే. కానీ అవి ఎలా బయటపడ్డాయి? ఎవరో కాగితాలు తిరగేశారు, ఫొటోలు పోల్చి చూశారు. షికాగోలోనే మరొకటి జరిగింది. పసుపు దీపం కనీసం 3 సెకన్లు ఉండాలి, 2.9 దగ్గర కూడా చలానాలు వేస్తున్నారని 2014లో నగర తనిఖీ అధికారి తేల్చారు. అలాంటివి 77 వేలు. సెకనులో పదో వంతు!

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ కథ నాకు ఇంకా ఇష్టం. 2013లో ఆయన భార్యకు ఎర్రదీపం చలానా వచ్చింది. జరిమానా కట్టి ఊరుకోకుండా ఆయన పసుపు దీపం సమయం లెక్కించే సూత్రాన్నే తవ్వాడు. మలుపు తిరిగేవాడు ముందే వేగం తగ్గిస్తాడు కాబట్టి అతనికి ఎక్కువ సమయం కావాలని, పాత సూత్రం దాన్ని పట్టించుకోలేదని చూపించాడు. లైసెన్సు లేకుండా ఇంజినీరింగ్ చేశాడంటూ ఇంజినీర్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర మండలి ఆయనకే 500 డాలర్ల జరిమానా వేసింది. (ఇక్కడ నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.) ఆయన కోర్టుకు వెళ్లి 2018లో గెలిచాడు. 2020లో రవాణా ఇంజినీర్ల సంస్థ మలుపు తిరిగే వాహనాల విషయంలో తన సూచనలను మార్చుకుంది. ఏ స్తంభమూ కూలలేదు.

నాలుగుదారులు:
నిన్న సాయంత్రం కూడలి దగ్గర నిలబడి దీపాన్ని ఫోనులో వీడియో తీశాను. ఇంటికొచ్చి ఒక్కొక్క ఫ్రేమూ లెక్కపెట్టాను. పదిసార్లు కొలిస్తే పదిసార్లూ 3 సెకన్లే. వేగ పరిమితి 50. సంఘం కాగితంలో "తీసేయాలి" కొట్టేసి "పసుపు దీపం సమయం ఎలా లెక్కించారో చూపాలి, సరిచేసేదాకా చలానాలు ఆపాలి" అని రాశాను. అధ్యక్షుడు గారికి నచ్చలేదు. పిరికి రాతలా ఉందన్నారు.

సైకిలుమనిషి:
ఆ కాగితం మీదైతే నేనూ సంతకం పెడతాను. దాంతో పాటు కెమెరా పెట్టకముందు, పెట్టాక జరిగిన ప్రమాదాల వివరాలు కూడా అడగండి. రకాలవారీగా.

పసుపుదీపం:
పంపే ముందు ఒక్క మాట. కూడలికి వచ్చే రోడ్డు సమంగా ఉందా, వాలుగా ఉందా?

నాలుగుదారులు:
దిగుడే. వానొస్తే నీళ్లన్నీ కూడలిలోకే వస్తాయి.

పసుపుదీపం:
అయితే 3.3 కూడా చాలదు. వాలులో బండి ఆలస్యంగా ఆగుతుంది. వంద మీటర్లకు నాలుగు మీటర్ల దిగుడు ఉంటే 3.7 దాకా వెళ్తుంది. వాలు కొలిచి, ఆ అంకె కూడా కాగితంలో రాయండి.