అప్‌డేట్: ఒంటారియో చిన్న పట్టణంలోని ప్రభుత్వ హైస్కూల్లో మా అబ్బాయి

హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి ముగించిన మా అబ్బాయిని, కెనడాలోని ఉత్తర ఒంటారియోలో మేముంటున్న చిన్న పట్టణపు ప్రభుత్వ హైస్కూల్లో చేర్చాలా, లేక టొరంటో వైపు మారిపోవాలా అని గత వేసవిలో అడిగాను. చివరికి ఇక్కడే చేర్చాము.

పాత చదువు లెక్కలోకి రాదేమోనన్నది నా ప్రధాన భయం. హైస్కూల్ పూర్తయ్యాక ఇచ్చే డిప్లొమాకు కావలసిన 30 క్రెడిట్లలో (సాధారణంగా ఒక సబ్జెక్టు పూర్తిచేస్తే ఒక క్రెడిట్) విదేశాల్లో చదివినదానికి ఎన్ని ఇవ్వాలో నిర్ణయించే అధికారం ప్రిన్సిపాల్‌దేనట. మార్కుల పత్రాలు చూశాక 8 క్రెడిట్లు ఇచ్చారు. మిగిలిన 22 ఎలా పూర్తి చేయాలో గైడెన్స్ కౌన్సిలర్ కాగితంపై పెన్సిలుతో గళ్లు గీసి, అరగంట సేపు ఓపికగా వివరించారు.

సెమిస్టర్‌కు నాలుగే సబ్జెక్టులని విన్నప్పుడు ఇదేం చదువని మా ఆవిడ పెదవి విరిచింది గానీ, ఒక్కో క్రెడిట్‌కు 110 గంటల బోధన ఉండడంతో, రోజూ గంటకు పైగా సాగే లెక్కల తరగతి నుంచి తప్పించుకునే దారే లేదని మావాడే వాపోతున్నాడు. అసలు లోటు వేరే ఉంది: విద్యార్థులు తక్కువైనందున పన్నెండో తరగతి ఫిజిక్స్ ఏటా పెట్టడం లేదు, అవసరమైతే ఆన్‌లైన్‌లో చదవాలి. ఇంజనీరింగ్ ఆలోచన ఉన్నవారు ఈ సంగతి ముందే కనుక్కోవాలి.

డిప్లొమాకు తప్పనిసరైన 40 గంటల సమాజసేవ కోసం శనివారాల్లో ఐస్ రింక్‌కు వెళ్లి, చిన్నపిల్లల స్కేట్లకు లేసులు బిగిస్తున్నాడు. పదో తరగతిలో రాయవలసిన అక్షరాస్యత పరీక్ష ఇంకా మిగిలి ఉంది.