నర్సీపట్నం అలెగ్జాండ్రైటా, ఫ్లక్స్‌లో పెంచిందా?

నర్సీపట్నం రాయని చెప్పి ఇచ్చిన అలెగ్జాండ్రైట్‌ను (వెలుతురును బట్టి రంగు మారే రత్నం) పరీక్షిస్తున్నాను. ఎండలో పచ్చగా, ఫిలమెంట్ బల్బు కింద వంకాయ రంగులో ఉంది (ఎల్‌ఈడీ వెలుతురును మాత్రం నమ్మకూడదు). గాలిలో 4.10 క్యారెట్లు, నీళ్లలో 3.00, అంటే సాపేక్ష సాంద్రత 3.73. వక్రీభవన గుణకం 1.746–1.755. అలాగే రంగు మారే, వెనేడియం కలిపిన కృత్రిమ నీలమణి (సఫైర్) అయితే సాంద్రత 4.00 రావాలి. కాబట్టి ఇది క్రిసోబెరిలే (అలెగ్జాండ్రైట్ ఈ ఖనిజంలోని ఒక రకం).

చిక్కంతా పుట్టుక దగ్గరే: గనిలో దొరికిందా, ఫ్లక్స్‌లో (రత్నాలను కృత్రిమంగా పెంచే కరిగిన ద్రావకం) పెంచిందా? పొడవు తరంగాల యూవీ కింద నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది. ఇనుమున్న సహజ రాయిలో ఆ వెలుగు అణగాలి కదా. 10 రెట్ల లూప్‌లో (చిన్న భూతద్దం), కరిగించి చేసిన రాళ్లలో కనిపించే వంపు గీతలు, గాలి బుడగలు లేవు గానీ, వేలిముద్రలాంటి తెర ఒకటి మెలితిరిగి ఉంది. అది మానిన పగులా, గడ్డకట్టిన ఫ్లక్సా? ఇన్‌ఫ్రారెడ్ పరీక్షకు పంపేలోపు మైక్రోస్కోప్‌లో ఏ వెలుతురులో, ఎన్ని రెట్లలో చూస్తే తేలుతుంది? ఫ్లక్స్‌ను కరిగించే పాత్ర నుంచి వచ్చే ప్లాటినం పలకలుంటే ఎలా గుర్తుపట్టాలి?