టెలిస్కోపుతో ఫోటోలు మీరెట్ల తీస్తున్నారు?

కర్నూలు: నాది 114 మి.మీ. అద్దం టెలిస్కోపు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం) 900 మి.మీ. కంటితో చూస్తే చందమామ మీద గుంటలు ఎంత బాగా కనిపిస్తాయో, ఫోను పెడితే మాత్రం అంతా తెల్లటి ముద్ద. ఎక్కడ తప్పు చేస్తున్నా?

అనంతపురం: అన్నా, ముందు ఫోన్ హోల్డర్ కొనండి, చేత్తో పట్టుకుంటే ఎంతసేపైనా కుదరదు. 10 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) తీసేసి 25 మి.మీ.ది పెట్టండి, ఫోను లెన్సు కుదరడం తేలిక. తెల్లముద్ద ఎందుకంటే, చుట్టూ చీకటి చూసి ఫోను వెలుతురు పెంచేస్తుంది. చందమామ మీద వేలు నొక్కిపెట్టి లాక్ చేసి, గుంటల అంచులు తేలేదాకా వెలుతురు కిందికి లాగండి. బటన్ నొక్కినా ట్యూబు ఊగుతుంది కాబట్టి 3 సెకన్ల టైమర్ పెట్టండి. పున్నమి రోజు మాత్రం వద్దు, నీడలుండవు. శుద్ధ నవమి, దశమి అప్పుడు తీస్తే కోపర్నికస్ దొరుకుతుంది, 93 కి.మీ. గుంట, నడుమ చిన్న కొండలు కూడా పడతాయి.

కడప: నేను ఐపీస్ తీసేసి టీ-రింగుతో (కెమెరాను టెలిస్కోపుకు కలిపే రింగు) డీఎస్ఎల్ఆర్ కెమెరా నేరుగా బిగించాను. రెండు రాత్రులు ఫోకస్ అందలేదు, నాబ్ చివరిదాకా తిప్పినా మసకే. ఇలాంటి అద్దం టెలిస్కోపుల్లో చాలావాటికి బొమ్మ కుదిరే చోటు కెమెరా సెన్సర్‌కు అందకుండా లోపలే ఉండిపోతుందట. మధ్యలో 2ఎక్స్ బార్లో (బొమ్మను రెట్టింపు చేసే లెన్సు) పెట్టాక కుదిరింది. నాదీ 900 దే, బార్లోతో చందమామ సెన్సర్ మీద 16 మి.మీ. పైనే వస్తోంది, నిలువులో పట్టదు, రెండు ముక్కలు తీసి అతికిస్తున్నా. ఇంకో మాట, మిద్దె మీద తీయొద్దు. మా మిద్దెకు నాపరాళ్లు పరిచాం, పగలు తాగిన ఎండంతా రాత్రి తొమ్మిదైనా కక్కుతూనే ఉంటాయి, బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. పెరట్లో మట్టి మీదికి దించాక ఎంత తేడానో!

కర్నూలు: మాదీ బండల మిద్దేనండీ, ఇది తట్టనే లేదు. మరి గురుగ్రహం?

అనంతపురం: దానికి ఫోటో కాదు, వీడియో తీయండి. ఆటోస్టాకర్ట్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో వేస్తే గాలికి చెదరని ఫ్రేములు ఏరి ఒకటిగా కలుపుతుంది, తర్వాత రెజిస్టాక్స్ అనే ఇంకో ప్రోగ్రాములో పదును పెట్టుకోవచ్చు. రెండు నిమిషాలు దాటొద్దు, గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, దాని మీది పట్టీలు అలుక్కుపోతాయి.

కర్నూలు: నిన్న దశమి, మట్టిలోనే పెట్టి తీశా. గుంట నడుమ కొండ పడిందండీ, మా పాపకు చూపిస్తే ఫోను వదల్లేదు! కుడివైపు మాత్రం నల్లటి అంచు వస్తోంది, హోల్డర్ జరిగిందంటారా?

కడప: అవును, ఐపీస్‌కు లెన్సు సూటిగా లేదు. పగలు దూరంగా ఉన్న టవర్‌ను చూస్తూ సరిచేసి బిగించుకోండి.