జిన్నింగ్ మిల్లు చెత్తతో ఏదైనా ఆదాయం వస్తుందా?

ప్రశ్న (జమ్మికుంట వైపు నుంచి):
అందరికీ నమస్తే. మా ఊరి పక్కన పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఉంది. సీజన్‌లో గోడ వెనక చెత్త గుట్టలుగా పడుతుంది. ఆకుముక్కలు, కాయ తొక్కలు, మట్టి, వాటికి అంటుకున్న పొట్టి దూది. ఊరికే తీసుకుపొమ్మంటున్నారు. మా మహిళా సంఘంలో కొందరం ఏదైనా పని మొదలుపెడదామనుకుంటున్నాం. పరుపుల్లో నింపమని ఒకరు, ఎరువు చేయమని ఒకరు అంటున్నారు.

జవాబు:
చెల్లెమ్మా, పరుపుల ఆలోచన వదిలెయ్యండి. వాటిలోకి పోయేది నూలు వడికే స్పిన్నింగ్ మిల్లు వేస్టు. అది శుభ్రంగా ఉంటుంది, కొనేవాళ్లూ ముందే ఉంటారు. మీ దగ్గరున్న సరుక్కి నేనైతే ముత్యపు చిప్ప పుట్టగొడుగులే చెప్తాను. 20 నుంచి 28 డిగ్రీల మధ్య బాగా వస్తాయి. మిల్లు నడిచేదీ ఆ చలికాలంలోనే.

ముందు జల్లెడ పట్టి మట్టి దులపండి. ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకోకుండా ఎవరినీ ఆ పనికి దించొద్దు. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తర్వాత రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటకు పైగా ఉంచి, ఆరబెట్టాలి. పిడికిట్లో గట్టిగా పిండితే చేతికి తడి తగలాలి, నీళ్లు మాత్రం కారకూడదు.

అసలు కష్టం ఇక్కడే. దూది నీళ్లు పీల్చుకుని ముద్దైపోతుంది, గాలి ఆడదు. రెండో మూడో రోజుకే సంచి లోపల పులిసిన వాసన కొడుతుంది. అందుకే రెండంగుళాల ముక్కలుగా కోసిన వరిగడ్డి సగానికి సగం కలపండి. పాలిథిన్ సంచిలో ఒక పొర ఈ మిశ్రమం, దాని మీద పుట్టగొడుగుల విత్తనం (స్పాన్), మళ్లీ పొర. చుట్టూ చిన్న రంధ్రాలు పెట్టి చీకటి గదిలో ఉంచితే రెండు మూడు వారాల్లో పుట్టగొడుగుల పోగులు లోపలంతా తెల్లగా అల్లుకుంటాయి. అప్పుడు కవరు కోసి, వెలుతురు, గాలి తగలనిచ్చి, రోజూ నీళ్లు చిలకరించాలి. విత్తనం బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో అమ్ముతారు. మీ జమ్మికుంటలోనే కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది, ముందు వాళ్లని అడగండి.

ప్రశ్నించినవారు:
థ్యాంక్స్ అక్కా. మరి ఎండాకాలంలో? పత్తికి కొట్టిన మందులతో ప్రమాదం లేదా?

జవాబు:
ఎండలకు వరిగడ్డి పుట్టగొడుగులు ఉన్నాయి. 30 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. పేరుకి వరిగడ్డివే గానీ పత్తి వేస్టు మీద ఇంకా ఎక్కువ కాస్తాయి. కానీ ఒక్కరోజుకే పాడవుతాయి, ఫ్రిజ్‌లో పెడితే నీరుగారిపోతాయి. పొద్దున కోస్తే ఆ రోజే కొనేవాళ్లు దొరికాకే వాటి జోలికి వెళ్లండి. మందుల భయం నిజమే. తినే సరుకు కాబట్టి మొదటి కోతని అవశేషాల పరీక్షకి పంపి, ఫలితం వచ్చాకే అమ్మండి.

ఇంకో సభ్యుడి జవాబు:
ఒక్క మాట కలుపుతాను అమ్మా. ఆ చెత్తని తెచ్చి ఊళ్లో నిల్వ పెట్టొద్దు. పత్తి కాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగు దాంట్లోనే దాక్కుని, రెక్కల పురుగై వచ్చే పంట మీద పడుతుంది. ఆ వారానికి సరిపడా తెచ్చుకోండి. మిగిలితే పేడనీళ్లు చల్లి కుప్ప వేసి తడి ఆరకుండా చూడండి. కుప్ప వేడెక్కితే పురుగు చస్తుంది. అంచుల్లో వేడి తక్కువ కాబట్టి అప్పుడప్పుడు తిరగెయ్యాలి. పుట్టగొడుగుల కోతలు అయిపోయాక సంచుల్లో మిగిలిందీ పారెయ్యకండి, వానపాముల ఎరువుకి బాగా పనికొస్తుంది. కూరగాయల మడులున్నవాళ్లు కొనుక్కుంటారు.