ఎడమ చేతివాటం ఉన్న పిల్లలకు స్వరం వేరుగా వినిపిస్తుందా?

ప్రశ్న (తిరుపతి):
మా అమ్మాయికి పదకొండేళ్లు, ఎడమ చేతివాటం, రెండేళ్లుగా గాత్రం నేర్చుకుంటోంది. ఒకే స్వరం మంద్రంగా, హెచ్చుగా మారి మారి మోగే శబ్దమొకటి మొన్న ఇయర్‌ఫోన్లలో విన్నాం. హెచ్చు స్వరం నాకు కుడిచెవిలో వినిపించింది. ఇయర్‌ఫోన్లు అటూ ఇటూ మార్చినా కుడివైపే ఉండిపోయింది. తను మాత్రం "లేదమ్మా, ఎడమచెవిలోనే" అని వేలితో చూపించింది. తాళం కుడిచేత్తోనే వేయాలని పాఠం చెప్పేచోట పట్టుబడుతున్నారు. చేయి మార్పించకపోతే శ్రుతిజ్ఞానం దెబ్బతింటుందా?

జవాబు:
మీరు విన్నది మనస్తత్వ పరిశోధకురాలు డయానా డాయిచ్ 1973లో కనుగొన్న స్థాయీభ్రమ (ఆక్టేవ్ ఇల్యూజన్). 400, 800 హెర్ట్జ్‌ల స్వరాలు రెండు చెవుల్లోనూ ఒకేసారి మోగుతాయి; కుడిచెవిలో హెచ్చుది ఉన్నప్పుడు ఎడమలో తగ్గుది, పావు సెకనుకోసారి తారుమారు. ఆమె వివరణ ప్రకారం, ఏ స్వరమన్నది మెదడు తనకు ప్రధానమైన చెవి నుంచి తీసుకుంటుంది, ఎటువైపన్నది మాత్రం హెచ్చు స్వరం అందిన చెవిని బట్టి నిర్ణయించుకుంటుంది. అందుకే కుడిచెవి ప్రధానమైనవారికి అందులో తగ్గు స్వరం మోగే క్షణాన, అదే స్వరం ఎడమవైపు నుంచి వచ్చినట్టు తోస్తుంది. కుడి చేతివాటం వారిలో ఎక్కువమందికి హెచ్చు స్వరం కుడివైపే. ఎడమ చేతివాటం వారిలో అటువంటి ఏకరీతి లేదు. మీ ఇద్దరికీ తేడా వచ్చింది స్వరం ఉన్న దిక్కులోనే, శ్రుతిలో కాదు.

జవాబు (చిత్తూరు, వయొలిన్ ఉపాధ్యాయుడు):
అమ్మా, చేయి మార్పించకండి. ఒక స్వరం వినిపించి, నడుమ వేరే స్వరాలు వినిపించి, చివరి స్వరం మొదటిదేనా, అరస్వరం తేడా ఉందా అని అడిగిన పరీక్షలో ఎడమ చేతివాటం వారే సగటున మెరుగని అదే పరిశోధకురాలు 1978లో ప్రచురించారు. ప్రతి బిడ్డకూ అది వర్తిస్తుందని కాదు గానీ, లోపమనడానికి మాత్రం ఆధారం లేదు. పళని సుబ్రహ్మణ్య పిళ్ళై ఎడమ చేతివాటంతోనే మృదంగ విద్వాంసులయ్యారు. శ్రుతి పెట్టె పెట్టి మీరే అలా అడిగి చూడండి.

ప్రశ్న వేసినవారు:
మాస్టారూ, నిన్న సాయంత్రం చూశాను. సాధారణ గాంధారం పలికి, నడుమ ఆరు స్వరాలు పాడి, దానికి అరస్వరం పైనున్న అంతర గాంధారం పలికాను. నేను ముగించకముందే "మారిందమ్మా" అంది. తాళం ఇకమీదట ఎడమచేత్తోనే వేయనివ్వమని సోమవారం వెళ్లి అడుగుతాను.